ఈడు వచ్చినంతనే ఆట మానవలెనా?

(కొడవలూరు గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండినవి. దీని తలుపులు తొలిసారి తెరచిననాడు పుట్టిన ఆడుబిడ్డకు నేడు 25 ఏండ్ల వయసు. ఆ బిడ్డ బాల్యమును ఒక్కమారు తలచుకొనుడు. 6వ ఏట ఆమె వాకిట తొక్కుడుబిళ్ళ యాడినది. 9వ ఏట బడిలో పరుగుపందెమున ముందు నిలిచినది. 11వ ఏట చెడుగుడు కూత విడువక గీత దాటి తిరిగివచ్చి మగపిల్లలచేత సైతము మెప్పు పొందినది. మరి 13వ ఏట? ఆటలగంట మ్రోగినప్పుడు ఆమె గోడనీడను నిలిచి తోడివారి పుస్తకముల సంచులకు కాపలా కాచుచున్నది.

ఆమెచేత ఆట మానిపించిన వారెవరు? తల్లి నడిగినచో, 'లోకమేమనునో అని వెనుదీసితిని' అనును. తండ్రి నడిగినచో, 'ఆడువారి సంగతి వారి తల్లికే తెలియును' అనును. ఉపాధ్యాయులు, 'ఇంటివారు పంపుటలేదు' అందురు. ఆ బిడ్డ నడిగినచో తలవంచుకొని, 'నాకే ఇష్టము లేదు' అనును. ఎవరును మానిపింపని ఆట ఎట్లు మానిపోయెను? ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకుటయే నేటి ఉపన్యాసమునకు విషయము.

ఇది ఒక్క ఊరి సంగతి గాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2016వ సంవత్సరపు లెక్కలను పరిశీలించి, 11 మొదలు 17 ఏండ్ల వయసు బాలికలలో నూటికి 85 మంది చాలినంత వ్యాయామము లేక యున్నారని 2019లో ప్రకటించిరి. బాలురలో ఆ సంఖ్య 78. దినమునకు సగటున 60 నిమిషముల చురుకైన ఆటగాని, నడకగాని, పరుగుగాని ఈ వయసువారికి వలయునని ఆ సంస్థవారి సూచన. బాలురును వెనుకబడియే యున్నారు. బాలికలు ఇంకను వెనుకబడినారు.

బాలికకు ఈడు వచ్చు కాలమున దేహమునందు జరుగు మార్పులను పెద్దలు ముందుగా తెలిసికొనవలెను. సామాన్యముగా 11, 12 ఏండ్ల ప్రాయమున ఆడుపిల్ల మిక్కిలి త్వరితముగా పొడవెదుగును. కాళ్ళు సాగును, నడుము క్రింద భాగము వెడల్పగును, దేహపు బరువు తూగు మారును. నిన్నటివరకు అలవోకగా దూకిన పిల్ల నేడు తడబడును. నిన్నటి వేగము నేడు పరుగునందు కానరాదు. అప్పుడామె 'నాకింక చేతగాదు' అని తనలో తాననుకొనును. నిజమునకు ఆ తడబాటు తాత్కాలికము. క్రొత్త దేహమునకు ఆమె అలవాటుపడుటకు కొంతకాలము పట్టును. ఈ ఒక్క మాట ఆమెకు సకాలమున చెప్పువారు లేకపోవుటచేతనే ఎందరో బాలికలు తమకు నైపుణ్యము లేదని భ్రమసి ఆట విడుచుచున్నారు.

ఆ కాలముననే ఎముకలు గట్టిపడును. బాలిక వేగముగా ఎదుగు కాలమునకు ముందు వెనుకలుగా రెండేండ్లలోనే, పెద్దదైన పిదప ఆమె యెముకలయం దుండబోవు ఖనిజసంపదలో సుమారు నాలుగవ వంతు కూడుకొనునని వైద్యశాస్త్రము కనుగొన్నది. దూకుట, పరుగెత్తుట, బరువు మోయుట ఆ కూడికకు తోడ్పడును. ముదిమియందు కాలుజారి తుంటి విరుగు అవ్వలను ఎరుగనివారు లేరు. ఆ అవ్వ 70వ ఏట వ్యయపరచు ధనము 12వ ఏట జమకట్టవలసినది. జమ కట్టవలసిన ఏడాదిననే ఖాతా మూసివేయుట ఏమి లెక్క?

లెక్క యన్నప్పుడు మరియొక లెక్కయు చూడవలెను. బహిష్టు దినములు మాసమునకు 5 చొప్పున వేసికొన్నను ఏడాదికి 60 దినములు. ఏడాదికి దినములు 365. మిగిలినవి 305. ఆ 305 దినములు ఏ పద్దు క్రింద కొట్టివేయబడినవి? 60 దినముల నెపమున 305 దినముల ఆటను రద్దుచేయుట ఏ చిట్టాయందును చెల్లదు.

పోనిండు, ఆ 60 దినములయందైనను ఆట కీడు చేయునా? చేయదు. తేలికపాటి వ్యాయామముచేత పొత్తికడుపు నొప్పి కొందరికి తగ్గునని కూడ వైద్యులు చెప్పుచున్నారు. నొప్పి హెచ్చుగా నున్ననాడు విశ్రమించుట, లేనినాడు ఆడుట ఆ బాలిక ఇష్టమునకు విడువవలసినది. గెంతిన గర్భకోశము జారునను భయము కొందరు తల్లులకు కలదు. దానికి శాస్త్రమున ఆధారము లేదు.

ఈ భయమును గూర్చి కొడవలూరు పొలములే సాక్ష్యము చెప్పగలవు. నాట్ల కాలమున మోకాలిలోతు బురదలో ఉదయము మొదలు సాయంకాలము వరకు నడుము వంచి నారు నాటు స్త్రీలు, ఆ దినములయందు పని మానుచున్నారా? వారిని ఎవరైన మాన్పించుచున్నారా? కోతలకును, కలుపుతీతకును, నీళ్ళబిందెకును, కట్టెలమోపునకును అడ్డురాని దేహధర్మము, బంతి పట్టినప్పుడు మాత్రమే అడ్డువచ్చుట వింత. పనికి పనికివచ్చిన శరీరము ఆటకు పనికిరాదనుట న్యాయము గాదు.

పూర్వాచారము నంతయు నిందించుటయు తగదు. ఈడేరిన పిల్లను పీటపై కూర్చుండబెట్టి పెద్దలు పెట్టిన చిమ్మిలి యేమి? నువ్వులును బెల్లమును దంచిన ముద్ద. ఆ వయసున దేహమునకు బలము కావలెనని పూర్వులకు తెలియును. వారు పెట్టిన తిండి మంచిది, దానిని నిలుపుకొనవలెను. పిమ్మట విధించిన గోడచాటు బ్రతుకును మాత్రము విడువవలెను. వేడుకనాడు తిండి పెట్టి, మరునాటినుండి అన్నదమ్ములు తిన్న పిదప మిగిలినది పెట్టు ఇండ్లును లేకపోలేదు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కలదని తేలినది. రక్తము తక్కువైన పిల్ల నాలుగడుగులు పరుగెత్తగనే ఆయాసపడును. చూచినవారు 'ఆడుపిల్లకు ఆట సరిపడదు' అందురు. సరిపడనిది ఆట గాదు, చాలనిది అన్నము.

ఇది తిక్కన సోమయాజి సంచరించిన నేల. మనుమసిద్ధి కొలువున నుండి విరాటపర్వము మొదలుకొని భారతమును తెనిగించిన మహాకవి ఆయన. ఆ విరాటపర్వముననే ఉత్తర కథ కలదు. విరాటరాజు ఈడు వచ్చుచున్న తన కూతురును అంతఃపురమున మూలకూర్చుండబెట్టలేదు. నర్తనశాలయందు నాట్యము నేర్పించెను. నాట్యమనగా కఠినమైన దేహశిక్ష. పాదములకు బలము, నడుమునకు నిలుకడ, ఊపిరికి పట్టు లేనిదే అది పట్టుబడదు. నేర్పుటకు బృహన్నల వచ్చినప్పుడు రాజు చేసిన పని గమనింపదగినది. వచ్చినవాని మాట నమ్మి వెంటనే కన్యలను అప్పగింపలేదు; తగిన పరీక్ష చేయించి, నిస్సంశయమైన పిదపనే అప్పగించెను. ఆడుబిడ్డకు విద్య నేర్పించుటయందును, నేర్పువానిని పరీక్షించుటయందును రాజు ఏమరలేదు. ఒకటి చేసి రెండవది విడుచుట గాని, రెండవదానికి జడిసి మొదటిది మానుట గాని ఆయన యెరుగడు. ఆ నాట్యము నేర్చిన ఉత్తరయే అభిమన్యుని చేపట్టి, పరీక్షిత్తును గని, కురువంశమును నిలిపినది. దేహశిక్షవలన పెండ్లికిని సంతానమునకును చేటనువారు ఈ కథను మరల చదువుదురు గాక.

పురాణకథలు విడిచి నిన్న మొన్నటి సంగతులు చూతమన్నను నిదర్శనములు కొల్లలు. శ్రీకాకుళము జిల్లా ఆముదాలవలస చెంత ఊసవానిపేట యను గ్రామము కలదు. 1975లో జన్మించిన కరణం మల్లేశ్వరి అచ్చటి బాలిక. తండ్రి రైల్వే రక్షణదళమున కానిస్టేబులు. నీలంశెట్టి అప్పన్న గారి శిక్షణయందు ఆమె బరువులెత్తుట ఆరంభించునప్పటికి వయసు 12 ఏండ్లు. అనగా, ఇతర బాలికలు ఆట విడుచు ఏటనే ఈమె ఆట పట్టినది. సన్నని పిల్ల బరువులేమి యెత్తునని పెదవి విరిచినవారు లేకపోలేదు. తల్లి శ్యామల మాత్రము కూతునకు ధైర్యము చెప్పెను. ఆమె 1994, 1995 సంవత్సరములయందు ప్రపంచ విజేత యయ్యెను. 2000 సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీ ఒలింపిక్ క్రీడలయందు 110, 130 కిలోల చొప్పున మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము పొందెను. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతస్త్రీ ఒక తెలుగు పల్లెటూరి బిడ్డ. స్త్రీలకు బరువులెత్తు పోటీ ఒలింపిక్ క్రీడలయందు ప్రవేశపెట్టబడినదియు ఆ ఏటనే. ఆ తల్లి ఆనాడు, 'ఈడు వచ్చుచున్నది, ఇంటనుండు' మనియున్నచో ఈ దేశమున కా పతకము లేదు.

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ వ్యవసాయకూలీల బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలయందు చదువుచు, భువనగిరి కొండరాళ్ళపై ఎక్కుట నేర్చి, 2014 మే 25న 8,848 మీటర్ల ఎత్తుగల ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. అప్పటికామె వయసు 13 ఏండ్ల 11 మాసములు. గోడనీడను సంచులు కాచు ప్రాయమది. ఇక పొరుగున నున్న కడప జిల్లానుండి శ్రీచరణి యను యువతి, 2025 నవంబరు 2న ప్రపంచ కప్పు గెలిచిన భారత స్త్రీల క్రికెట్ జట్టున బంతి వేసినది.

అందరు బాలికలును పతకములు తేవలెనని గాని, శిఖరము లెక్కవలెనని గాని ఎవరును కోరుటలేదు. గ్రంథాలయమునకు వచ్చువారందరును కవులగుదురా? కాకున్నను చదువుట మేలు. ఆటయు నట్టిదే.

పాశ్చాత్యదేశములును ఈ విషయమున పుట్టుకతోనే జ్ఞానులు గారు. 1928లో ఆంస్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలయందు స్త్రీలకు 800 మీటర్ల పరుగు తొలిసారి జరిగినది. పరుగు ముగియగనే స్త్రీలు అలసి కూలిరని పత్రికలు గోలపెట్టినవి. అలసట పురుషులకును సహజమే గదా! అయినను ఆ పరుగును తొలగించి 1960 వరకు స్త్రీలకు మరల పెట్టలేదు. ఒక్కనాటి గోలవలన 32 ఏండ్లు పోయినవి. అమెరికాదేశమున 1972లో, ప్రభుత్వధనము పొందు విద్యాలయములు బాలికలపట్ల భేదము చూపరాదని శాసనము చేసిరి. అంతకుముందు ఉన్నతపాఠశాలల జట్లయందు ఆడు బాలికలు సుమారు 3 లక్షలు. పిదప వారి సంఖ్య 30 లక్షలు దాటినది. అమెరికా బాలికల దేహములు మారలేదు, మారినది తలుపు. తెరచిన వెంటనే వచ్చిరి.

ఇక మూసియున్న తలుపు ఇచ్చట ఏది? అది పెద్ద తలుపు గాదు. నాలుగైదు చిన్న గడియలు. వాని నొక్కొక్కటిగా తీయవచ్చును.

మొదటిది బట్ట. బడులయందు ఆటల దుస్తులు తెల్లనివిగా నుండుట వాడుక. తెల్లని బట్టపై మరక పడునేమోయను భయమున బాలిక నెలకొక వారము కదలక కూర్చుండును, వారము రెండగును, పిదప ఆటయే పోవును. ఇంగ్లండు దేశమున వింబుల్డన్ టెన్నిసు పోటీలకు తెల్లని దుస్తుల నియమము మిక్కిలి కఠినము. అట్టిచోటనే 2023 నుండి స్త్రీలకు లోపలి నిక్కరు ముదురు రంగుదైనను తొడుగుకొనుటకు అనుమతి నిచ్చిరి. వింబుల్డన్‌వారు సడలింపగలిగిన నియమమును ఒక పాఠశాల సడలింపలేదా? ముదురు రంగు పైజామా, పైన వదులైన చొక్కా, ఒదుగుగా నుండు లోదుస్తులు. దీని కగు వ్యయము స్వల్పము.

రెండవది మరుగుదొడ్డి. తలుపునకు గడియ, తొట్టిలో నీరు, వాడిన బట్ట వేయుటకు మూతగల డబ్బా. ఈ మూడును లేనిచోట క్రీడలను గూర్చి ఎన్ని ఉపన్యాసము లిచ్చినను వ్యర్థము. 2021 అక్టోబరున రాష్ట్రప్రభుత్వము 'స్వేచ్ఛ' యను పేర, 7 మొదలు 12వ తరగతి వరకు ప్రభుత్వ విద్యాలయములయందు చదువు బాలికలకు నెలకు 10 నాప్కిన్లు ఇచ్చు పథకము నారంభించెను. మంచి పని. అయినను వానిని మార్చుకొనుటకు గది లేనిచో సంచిలో నున్నవి సంచిలోనే యుండును.

మూడవది మాట. 'ఏమే, ఇంకను మగరాయునివలె గెంతుచున్నావా?' యను నొక్క మాట, పది కట్టడులకంటె బలమైనది. దాని ననువారు పరులు గారు. మేనత్తలు, పిన్నమ్మలు, అరుగుమీది తాతలు. వారు ద్వేషముచే ననరు, అలవాటుచే నందురు. మణిపురమునకు చెందిన మీరాబాయి చాను 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలయందు 199 కిలోలు ఎత్తి నాలుగవ స్థానమున నిలిచినప్పుడు, అది తన నెలసరి మూడవ దినమని, కొంత నీరసముగా నుండెనని పత్రికలవారి ఎదుటనే చెప్పెను. లోకమెల్ల విన్న ఆ మాటను ఇంటిలో తల్లీకూతుండ్రు చెప్పుకొనుటకు సిగ్గేల? బహిష్టు రాకమునుపే, 10వ ఏటనే, దానిని గూర్చి బిడ్డకు తెలియజెప్పిన తల్లి, ఆమె భయములో సగము తీర్చినదగును.

నాలుగవది నేర్పువారును, దారియు. ఇచ్చట తలిదండ్రుల జంకు నిరాధారము గాదు. ఆడుబిడ్డను చీకటిపడిన పిదప ఒంటరిగా పంపుమని ఎవరును చెప్పరాదు. విరాటరాజు మార్గమే మార్గము. స్త్రీ శిక్షకురాలు దొరికిన మేలు. దొరకనిచో ఇద్దరు తల్లులు వంతులవారీగా ఆటస్థలమున కూర్చుండవలెను. శిక్షకుడు ఏ బాలికతోడను మూసిన గదిలో ఒంటరిగా నుండరాదు. పోటీలకు పొరుగూరు పోవునప్పుడు పెద్దతనపు స్త్రీ ఒకరు వెంటనుండవలెను. బిడ్డ ఏదైన ఫిర్యాదు చెప్పినచో, ఆట మాన్పించుట గాదు, ఆ మనిషిని మాన్పించుట న్యాయము. ఆట మాన్పించినచో శిక్ష పొందినది ఎవరు? మరియొకమారు ఆ బిడ్డ నోరు తెరచునా?

ఐదవది దేహరక్షణ. ఈడు వచ్చిన పిదప, దూకుటయు హఠాత్తుగా మలగుటయు గల ఆటలయందు బాలికలకు మోకాటి నరముల బంధము తెగు ప్రమాదము బాలురకంటె హెచ్చు. ఇది ఆట మానుటకు కారణము గాదు. ఆటకు ముందు 15 నిమిషములు దేహమును వెచ్చజేసికొని, దూకి మోకాలు వంచి దిగుట నేర్చుకొనుటకు కారణము. తిండియందు రాగి, మునగాకు, కందిపప్పు, నువ్వులు, తినువారికి సముద్రపు చేప. ఇవి ఈ సీమయందు అరుదైనవి గావు. భోజనముతోడ నిమ్మరసము మేలు; భోజనమైన వెంటనే టీ త్రాగుట ఇనుమును దేహమునకు పట్టనీయదు. వారమున కొకమారు బడిలో ఇచ్చు నీలిరంగు ఇనుపమాత్రను పారవేయక మ్రింగవలెను. తీవ్రముగా ఆడు బాలికకు వరుసగా మూడు మాసములు నెలసరి నిలిచినచో, తిండి చాలుటలేదేమోయని శంకించి వైద్యురాలికి చూపవలెను.

ఈ ఐదు గడియలను తీయుటకు గొప్ప ధనము అక్కరలేదు. ఊరి తల్లులు ఒక్కమాటపై నిలిచిన చాలును. ఒక్కయింటి పిల్ల ఆటకు వచ్చిన ఊరు నవ్వును. ఇరువది యిండ్ల పిల్లలు వచ్చిన అదియే ఆచార మగును. ఈ జిల్లాలోనే దూబగుంట స్త్రీలు 1990 తరువాతి ఏండ్లయందు రాత్రిబడిలో అక్షరములు నేర్చి, ఏకమై సారాయి అంగడిని మూయించిరి. ఆ ఉద్యమము జిల్లాయెల్ల ప్రాకి, రాష్ట్రమెల్ల వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వముచేత సారాయిని నిషేధింపజేసినది. సారాయి అంగడిని మూయింపగలిగిన తల్లులు ఆటస్థలమును తెరపింపలేరా?

గ్రంథాలయమునకును ఇందు కొంత పని కలదు. పత్రికలయందలి క్రీడావార్తలను మగపిల్లలే చించి పంచుకొనుట కలదు. ఆ పుటలయం దాడువారి విజయములును అచ్చగుచున్నవి. వానిని బాలికలకు చదివి వినిపించు గంట వారమున కొక్కటి యేర్పరుపవచ్చును. దేహధర్మములను గూర్చి సులభశైలిలో వ్రాసిన పుస్తకములను, అడుగక తీసికొనుటకు వీలుగా, బాలికలకు అందు బీరువాలో నుంచవచ్చును. సాయంకాలము ఒక గంట బాలికల ఆటకు కేటాయించుటను గూర్చి గ్రామపెద్దలును, ఉపాధ్యాయులును, గ్రంథాలయ కార్యవర్గమును కూడి ఆలోచింపవచ్చును.

తుదకు ఒక్క మనవి. ఈడేరిన బిడ్డకు బంధువులు పట్టుచీరయు, వెండిగిన్నెయు తెచ్చుట ఆచారము. తెండు. వానితోపాటు మేనమామగారు ఒక జత పరుగుబూట్లును తేవలెను. పీట మీదనుండి లేచిన పదియవ దినమున తండ్రి తానే బిడ్డను ఆటస్థలమునకు తోడ్కొనిపోయి, నలుగురు చూచుచుండగా దింపి రావలెను. ఆ నలుగురికి అదియే ప్రత్యుత్తరము. ఆ బిడ్డకు అదియే ఆశీర్వచనము.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాడు, ఈ ఏట పుట్టిన ఆడుబిడ్డకు 25 ఏండ్లు నిండును. ఆనాటి సభలో ఎవరైన లేచి, 'గోడనీడను సంచులు కాచిన బాలిక ఎవతె?' యని యడిగినచో, అట్టి బాలిక ఈ యూర లేదని పలుకు భాగ్యము గ్రామస్థులకు కలుగుగాక.

స్వస్తి.